రొయ్యల షెడ్డుకు వేలిముద్ర తలుపు

జూన్ నెలలో, సముద్రంలో వేట నిషేధం ఎత్తేసిన తర్వాత వచ్చిన మొదటి బుధవారం, మధ్యాహ్నం పన్నెండుంబావు. ఆ సమయానికి నేను మా రొయ్యల షెడ్డులో, నేను కోరి పెట్టించిన తాళం వెనక, మా ఆడవాళ్లందరితో కలిసి చిక్కుకుపోయాను. దొంగ ఎవడూ వచ్చి తలుపు వేయలేదు. నేనే నెల్లూరు వెళ్లి, బేరమాడి, టీ తాగి మరీ వేయించుకున్నాను. ఇప్పటికీ మా ఊళ్లో ఎవరైనా కొత్త మిషను కొంటున్నారంటే "రమణమ్మను ఒకసారి అడుగు" అంటారు. సలహా కోసం కాదు, నవ్వుకోవడానికి. ఒక్కొక్కరికీ చెప్పలేక అందరికీ కలిపి ఇక్కడ రాసేస్తున్నాను.

మా షెడ్డు మైపాడు దగ్గర ఉంది. పడవల మీద వచ్చిన రొయ్యను కొని, తల తీసి, తొక్క ఒలిచి, ఐసులో పెట్టి కంపెనీ లారీకి ఎక్కించడం మా పని. చిన్నప్పటినుంచీ నేను రొయ్యలు ఒలిచి బతికినదాన్నే. ఆడవాళ్లమంతా సంఘం కట్టి షెడ్డు పెట్టుకున్నాక నన్ను దానికి పెద్దను చేశారు. తెలివైనదాన్నని కాదు. నాకు సంతకం వచ్చని.

ఆ సంతకం సంగతి కూడా చెప్పాలి. నలభై దాటేదాకా నేను కాగితం కనబడితే బొటనవేలు ముందుకు చాపే మనిషిని. సిరా అంటిన వేలిని తలకు తుడుచుకుని ఇంటికి వచ్చేదాన్ని. ఆ సిగ్గు భరించలేక, నాతో పాటు రొయ్యలు ఒలిచే మేరీ ఇంటి అరుగు మీద కూర్చుని, ఆమె దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. వేలిముద్ర వేసే బతుకు వద్దని అంత అవస్థ పడిన నేను, పోయిపోయి మా షెడ్డుకు వేలిముద్ర మిషను కొన్నాను. దీన్ని ఏమనాలో మీరే అనుకోండి. మేరీ ఏమన్నదో మాత్రం రాయలేను. ఆమె నాకు నేర్పిన అక్షరాలతోనే ఆమెను రచ్చకీడ్చడం బాగుండదు.

కొనడానికి కారణం కాంతమ్మ. కాంతమ్మ మా షెడ్డులో పని తప్ప అన్నీ చేస్తుంది. అందరూ గంపెడు ఒలిచాక వస్తుంది. వచ్చి, కూర్చునే చోటు బాగాలేదంటుంది. చోటు మార్చుకునేసరికి టీ వేళ అవుతుంది. టీ తాగాక ఆమె ఎటు పోతుందో సముద్రానికి కూడా తెలియదు. మిగిలినవాళ్లు నా మీద పడ్డారు.

"అక్కా, ఆమెకూ అదే కూలి, మాకూ అదే కూలి. ఏందిది?" అన్నది మేరీ.

బుర్ర ఉన్న మనిషైతే కాంతమ్మను పిలిచి "ఏమ్మే, ఏంది నీ కథ" అని అడిగేది. నేను నెల్లూరు బస్సెక్కాను.

మిషన్లు అమ్మే సురేష్ దుకాణంలో చల్లటి గాలి, మెత్తటి కుర్చీ. అతను నన్ను "మేడం" అన్నాడు. అంతవరకు నన్ను ఎవరూ మేడం అనలేదు. సగం బేరం అక్కడే కుదిరిపోయింది.

"తలుపుకే బిగిస్తాం మేడం. వేలు పెడితేనే తెరుచుకుంటుంది. ఎవరు ఎప్పుడు వచ్చిందీ, ఎప్పుడు పోయిందీ మొత్తం అందులో పడిపోతుంది."

"పొయ్యేటప్పుడు గూడా వేలు పెట్టాల్నా?"

"పెట్టాల్సిందే మేడం. వేలు పడకపోతే నంబరు నొక్కి కూడా తెరవచ్చు."

"నంబరు వద్దు. మా వాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారు."

"తీసేస్తాం మేడం. కరెంటు పోతే మాత్రం తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది."

"అట్ట కుదరదు. కాంతమ్మ మెయిన్ ఆపేసి పోతాది. బ్యాటరీ పెట్టు."

"పెడతాం మేడం. పాత తాళం ఉంచమంటారా?"

"పీకెయ్."

ఆ పెద్దమనిషి చూపించిన ప్రతిదీ బయటికి ఒక దారి. ఒక్కొక్క దారినీ నా చేత్తో నేనే మూసుకుంటూ వచ్చాను. మూసిన ప్రతిసారీ నా తెలివికి నేనే మురిసిపోయాను.

అప్పుడు మే నెల. వేట నిషేధం. పడవలన్నీ ఇసుక మీద బోర్లించి ఉన్నాయి. చాలా రోజులుగా ఎవరూ రొయ్యను ముట్టలేదు. మా ఆడవాళ్ల చేతులు పెళ్లికూతుళ్ల చేతుల్లా ఉన్నాయి, కొందరు గోరింటాకు కూడా పెట్టుకున్నారు. సురేష్ వచ్చి మిషను బిగించి ఒక్కొక్కరి వేలూ అందులో ఎక్కించాడు. మిషను ప్రతి వేలికీ ఆడగొంతుతో "థాంక్యూ" అన్నది. మా అందరిలోకీ పెద్దదైన ఆదెమ్మ, "నా మొగుడు ఒక్కనాడన్నా ఈ మాట అన్లేదే" అని, మళ్లీ వరసలో నిలబడి ఇంకోసారి అనిపించుకుని వచ్చింది.

ఇక్కడ రొయ్యలు ఒలిచే చేతుల సంగతి మీకు చెప్పాలి. ఐసునీళ్లలో కాసేపు ఉంటే వేళ్లు నానబెట్టిన సెనగల్లా అయిపోతాయి. రొయ్య తొక్క వేలి కొసను గీకి గీకి నున్నగా చేస్తుంది. మిగిలినదాన్ని ఉప్పు తినేస్తుంది. గ్లౌజులు వేసుకుంటే రొయ్య జారుతుంది, అందుకని ఎవరూ వేసుకోరు. వేట నడిచే రోజుల్లో మా చేతులకు గీతలనేవే ఉండవు. నేను వేలిముద్రలు వేసిన కాలంలో గుమస్తా కాగితం వెలుగుకు పట్టుకుని "ఇదేందమ్మా, మచ్చ తప్ప గీత లేదు" అనేవాడు. ఇదంతా షెడ్డులో అందరికీ తెలుసు. అందరికన్నా నాకు బాగా తెలుసు. సురేష్ దుకాణంలో ఆ మెత్తటి కుర్చీలో కూర్చోగానే నా వేళ్లు నేనే మరిచిపోయాను.

బుధవారం పొద్దున మిషను అందరికీ థాంక్యూలు చెప్పి లోపలికి పంపింది. కాంతమ్మ కూడా వేళకు వచ్చింది. నా ఆనందానికి హద్దు లేదు. సరుకు ఎక్కువ వచ్చిందని, పెద్దరికం చూపిద్దామని, నేను కూడా చీర ఎగ్గట్టి ఒలవడానికి కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా టీకి కూడా ఎవరూ బయటికి పోలేదు.

మధ్యాహ్నం ఐసు వేసుకుని కంపెనీ లారీ వచ్చింది. లోపల మా ఐసు అప్పటికే నీళ్లయిపోతోంది. ఒలిచిన రొయ్య ఐసు లేకుండా ఆ ఎండలో నిలవదు. మెత్తబడితే కంపెనీ వెనక్కి పంపుతుంది. సీజనుకు అది మొదటి లోడు. అది చెడితే ఆ ఏటి ఆర్డరు పక్క ఊరి ఏజెంటుకు పోతుంది, మా షెడ్డు మూతపడుతుంది.

"అక్కా, తలుపు తియ్యండి, ఐసు దించాల" అన్నాడు బయటినుంచి లారీ డ్రైవరు మస్తాన్ అన్న.

మేరీ వెళ్లి వేలు పెట్టింది. "ప్లీజ్ ట్రై ఎగైన్" అన్నది మిషను. ఆదెమ్మ పెట్టింది. అదే మాట. ఒకరి తర్వాత ఒకరు పది వేళ్లూ తిప్పి తిప్పి పెట్టారు. పెంచలమ్మ అయితే కాలి వేలు కూడా పెట్టి చూసింది. మిషనుకు విసుగన్నది లేదు, ట్రై ఎగైన్, ట్రై ఎగైన్.

సురేష్‌కు ఫోను చేశాను.

"కంగారు పడొద్దు మేడం. అడ్మిన్ వేలు పెట్టండి. ఆ వేలుతో తెరుచుకుంటుంది."

"ఆయన యాడ ఉండాడు? నెల్లూర్లోనా?"

"అడ్మిన్ మీరే మేడం."

నా వేలు చూసుకున్నాను. అక్కడ వేలు లేదు, నానిన సెనగ ఉంది.

"నా వేలు గూడా పోయిందయ్యా."

"ఎక్కడికి పోయింది మేడం?"

"రొయ్యల్లోకి."

అతను బయల్దేరి వస్తానన్నాడు. అతను వచ్చేసరికి రొయ్యకు వాసన వస్తుంది. వేళ్లు తలకు తుడుచుకున్నాం. ఫ్యాను కింద ఆరబెట్టాం. ఆదెమ్మ నా వేలు పట్టుకుని పొయ్యి ఊదినట్టు ఊదింది. మేరీ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

"కరెంటు ఆపండక్కా, తెరుచుకుంటాది" అన్నాడు మస్తాన్ అన్న.

"బ్యాటరీ ఉండాది" అన్నది పెంచలమ్మ.

"పాత తాళం?"

"పీకేసినారు."

"ఈ తెలివితేటలు ఎవురియ్యి?"

అందరూ నా వైపు చూశారు.

"అడగబాకన్నా" అన్నాను నేను.

కిటికీలకు ఇనుప కడ్డీలు, తలుపు ఇనప్పలక. సరుకు పోకుండా నేను పెట్టించిన భద్రత అంతా మేము పోకుండా బ్రహ్మాండంగా పని చేస్తోంది. గంపల అడుగున ఐసు కరిగి నీళ్లు నా కాళ్ల కిందికి వస్తున్నాయి. ఆ నీళ్లు చూస్తుంటే షెడ్డే కరిగి కాలవలోకి పోతున్నట్టుంది. నాకు నిజంగా ఏడుపు వచ్చింది.

అప్పుడు మూలన పేర్చిన థర్మకోల్ పెట్టెల వెనకనుంచి కాంతమ్మ లేచింది. జడ ఊడిపోయి ఉంది, చెంప మీద పెట్టె అచ్చు పడి ఉంది.

"ఏందక్కా ఈ గోల? టీ తాగేదానికి పోలేదా ఇంకా?" అని ఆవలించుకుంటూ, మమ్మల్నందరినీ తప్పించుకుని వెళ్లి తలుపుకు వేలు పెట్టింది.

"థాంక్యూ" అన్నది మిషను.

తలుపు తెరుచుకుంది. మేరీ ఆమెన్ అని, తలుపు మళ్లీ పడకుండా రొయ్యల గంప అడ్డం తోసింది. ఐసు లోపలికి వచ్చింది, సరుకు బయటికి వెళ్లింది. కంపెనీ ఏ పేచీ పెట్టకుండా తీసుకుంది. షెడ్డు బతికింది.

సాయంత్రం కాంతమ్మను పిలిచాను.

"ఏమ్మే, పొద్దున్నుంచీ ఒక్క రొయ్యన్నా ఒలిచినావా?"

"ఒలిచుంటే మీరు ఇంకా లోపలే ఉండుదురు గదక్కా."

తర్వాత అసలు సంగతి ఆమే చెప్పింది. "నాకు ఐసు పడదక్కా. చేతులు పుండ్లు పడతాయి. చెప్తే పని తీసేస్తావని చెప్పలా."

ఈ ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగడానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు. మర్నాడే పాత తాళం బిగించి, తాళంచెవి కాంతమ్మకు ఇచ్చాను. తలుపు తీయడం, తూకం వేయడం, లారీని పిలవడం ఆమె పని. ఆమె రాకపోతే తలుపు తీసేవాళ్లు లేరు కాబట్టి ఇప్పుడు అందరికన్నా ముందు వస్తోంది. ఆలస్యమైతే మమ్మల్నే తిడుతోంది.

మిషను ఊడదీయడానికి సురేష్ వచ్చాడు. "ఎన్నో చోట్ల ఇదే కథ మేడం. కొనేవాళ్లు వేరు, వాడేవాళ్లు వేరు" అని ఓదార్చబోయాడు. నా విషయంలో ఆ సాకు కూడా లేదు. కొన్నదీ నేనే, వాడిందీ నేనే. అందుకే పదిమంది మీద పెత్తనం చేసేవాళ్లకు ఒక మాట చెబుతున్నాను, చదువుకున్నవాళ్లైనా సరే వినండి. మిషనుకు బేరమాడే ముందు మనిషిని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడండి. తర్వాత కూడా కొనాలనిపిస్తే, చేతులు ఖాళీగా ఉన్న రోజున కాదు, పని ముమ్మరంగా ఉన్న రోజున, తడి చేతులతో పరీక్షించండి. పాత తాళం మాత్రం పీకకండి.

ఇక నా ప్రమాణం. సముద్రం వైపు తిరిగి, ముడతలు పడిన ఈ పది వేళ్ల సాక్షిగా చెబుతున్నాను. నా వేలును గుర్తుపట్టలేని ఏ వస్తువునూ ఈ జన్మలో నా గుమ్మానికి తగిలించను. ఎవరు ఎన్నిసార్లు మేడం అన్నా సరే.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ల పేర్లు కూడా రాస్తున్నాను, రేపు ఎవరూ లేనని బొంకకుండా. తలుపు బయట లారీ మస్తాన్ అన్న. తలుపు లోపల మేరీ, ఆదెమ్మ, కాలి వేలు పెట్టిన పెంచలమ్మ, ఆమె తోడికోడలు సుబ్బరత్నం, నవ్వు ఆపుకోలేక గంప మీద పడిన రాగమ్మ, నేను, కాంతమ్మ. మిషను లెక్క మాత్రం వేరుగా ఉంది. సురేష్ ఊడదీసేటప్పుడు చూసి చెప్పాడు. దాని లెక్కలో మేమందరం ఆ బుధవారం పొద్దున లోపలికి వెళ్లాం, ఇంతవరకు బయటికి రాలేదు. ఆ రోజు పని పూర్తిచేసుకుని ఇంటికి వెళ్లిన మనిషి కాంతమ్మ ఒక్కతే.