మొదటి సంతకం

శామీర్‌పేట పాలకేంద్రంలో పాలు పోశాక వెంకటనర్సయ్య క్యాను మూత మీద పత్రిక పరిచి, అక్షరాల వెంట వేలు నడిపిస్తూ అందరికీ చదివి వినిపిస్తాడు. ఏ అర్జీకైనా తొలి సంతకం తన ఇంట్లోవాళ్లతో పెట్టించి, ఆ తర్వాతే తను పెడతాడు. ఇంట్లో ఒప్పుకోని మాటను ఊరి ముందు పెట్టడం అతనికి చేతకాదు. అమెరికాతో వాణిజ్య ఒప్పందంలో విదేశీ పాలపొడికి దారి ఇవ్వవద్దని, సుంకాల బెదిరింపుకు దేశం తలవంచకూడదని ఈసారి పాడి రైతులు అర్జీ రాయించారు. కూతురు పద్మలత మేడ్చల్‌లో అమెరికాకు చొక్కాలు కుట్టే కంపెనీలో పనిచేసేది. అమెరికా మన సరుకు మీద సుంకం పెంచడంతో ఆర్డర్లు ఆగి, నెల రోజులుగా ఇంట్లోనే ఉంది. సంతకానికి తండ్రి ఇచ్చిన కాగితాన్ని ఆమె చివరిదాకా చదివింది.

"ఒప్పందం గాకుంటె నా మిషిన్ నడ్వదు నాయినా. అయితెనేమో నీ బర్రెలను అమ్ముకునుడే. నువ్వు పెట్టుమంటె పెడుత."

దేశమంతా ఒక్క మాట మీద నిలవాలని రోజూ చెప్పే వెంకటనర్సయ్య, సంతకం అడగకుండానే ఆమె చేతిలోని కాగితాన్ని వెనక్కి తీసుకున్నాడు.

మరునాడు కేంద్రంలో తోటి పాడి రైతు బాలరాజు కాగితం అందుకున్నాడు. రెండో గీత మీద వెంకటనర్సయ్య సంతకం ఒక్కటే ఉంది.

"ఏంది మామా, మొదటి గీత ఇడిసిపెట్టినవ్?"

"అది మా ఇంటిది," అన్నాడు వెంకటనర్సయ్య. ఆ రోజు అతడు పత్రిక మడత విప్పలేదు.