ఖానాపూర్ రిజిస్టరులో ఖాళీ గడి: నాయనమ్మ సమాధి కోసం ఒక రోజు

మా ఇంట్లో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు అన్నీ పాత బైబిలు వెనక ఖాళీ పేజీల్లో రాసుకుంటాం. మిషన్ చర్చి కుటుంబాల్లో ఇది మామూలే. పొలం కాగితాలు పోగొట్టుకున్న ఇళ్ళల్లో కూడా ఆ పేజీలు భద్రంగా ఉంటాయి. మా తాత యాకోబు మిషన్ బడిలో పంతులు. ఆయన గుండ్రటి చేతిరాతతో ఒక పేజీలో ఒక్క వరుస ఉంది: "నా భార్య రూతమ్మ ప్రభువునందు నిద్రించెను. ఖానాపూర్." ఆ రూతమ్మ మా బాపు కన్నతల్లి. అప్పటికి బాపుకు నాలుగేళ్ళు, జగిత్యాల దగ్గర అమ్మమ్మ ఇంట్లో ఉన్నాడు. ఏడాది తిరక్కముందే తాత మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పెద్దయ్యాక బాపు, తల్లిని ఎక్కడ పూడ్చారని ఎన్నిసార్లు అడిగినా తాత "ఖానాపూర్ల" అనేవాడు. ఆ పైన నోరు మెదిపేవాడు కాదు.

బాపు బస్సు కండక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. కొన్నేళ్ళు ఖానాపూర్ మీదుగా వెళ్ళే బండి ఆయన డ్యూటీ. బస్సు అక్కడ ఆగే ఇరవై నిమిషాల్లో డ్రైవర్ చాయ్ తాగుతుంటే ఈయన సమాధుల తోటలో రాళ్ళ మీద పేర్లు చదివేవాడు. ఎన్నేళ్ళు చదివినా రూతమ్మ పేరు దొరకలేదు. చివరికి తనకు తానే ఒక తీర్పు రాసుకున్నాడు: తండ్రి ఆమెను ఏ గుంతలోనో వదిలేసి వచ్చాడు, రాయి కూడా పెట్టలేదు, చెప్పడానికి మొహం చెల్లక మాట దాటేశాడు. ఆ కోపంతోనే తండ్రితో సగం జీవితం మాట్లాడలేదు. మొన్న జనవరిలో కంటి డాక్టరు, ఒక కన్ను ఇప్పటికే పోయింది, రెండోది ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పలేనన్నాడు. ఇంటికి వచ్చాక బాపు నాతో అన్న మాట ఒకటే (అవ్వ అంటే మా వైపు అమ్మ). "ఉన్న కన్ను ఉండంగనే మా అవ్వ జాగ సూపియ్యి బిడ్డా." నేను బడిలో పాఠాలు చెప్పుకునేదాన్ని, పోలీసును కాదు. అయినా సరే అన్నాను.

ఫిబ్రవరి రెండో శనివారం ఉదయం ఆరింటికి కరీంనగర్‌లో బయల్దేరాం. బస్సులో వెళ్ళాలంటే మెట్‌పల్లి దాకా ఒక బండి, అక్కడ మారి ఖానాపూర్‌కు ఇంకొకటి ఎక్కాలి. ఎదురుచూపులతో కలిపి నాలుగు గంటలు వేసుకోండి. బాపు మోకాళ్ళ మీద జాలిపడి నేను మా వీధిలోని సాయిలు కారు మాట్లాడాను. రోజుకు మూడు వేలు, డీజిల్ మనదే. జగిత్యాల, కోరుట్ల దాటితే దారి పొడవునా పసుపు ఉడకబెడుతున్న వాసన. మెట్‌పల్లిలో ఎనిమిదింటికి పూరీ తిన్నాం. మల్లాపూర్ దాటి బాదనకుర్తి దగ్గర గోదావరి వంతెన ఎక్కేసరికి నీళ్ళ మీద ఇంకా మంచు ఉంది. ఫొటో తీసుకుంటానంటే బాపు ఒప్పుకోలేదు. "వంతెన మీద బండి ఆపుతరా ఎవలన్న? వెనక బస్సు వస్తది" అన్నాడు. వెనక బస్సు లేదు, సైకిలు కూడా లేదు. సాయిలు అద్దంలో నన్ను చూసి నవ్వాడు. "రిటైరైనా సార్ డ్యూటీల్నే ఉన్నడక్కా."

తొమ్మిదిన్నరకు ఖానాపూర్ చేరాం. అక్కడి పాస్టరుకు వారం ముందే ఫోన్ చేసి, బైబిలు పేజీ ఫొటో పంపాను. నలభై ఏళ్ళు కూడా లేని మనిషి, ఓపిక ఉన్నవాడు. బీరువాలోంచి అట్ట ఊడిపోయిన సమాధుల రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టాడు. అంతవరకూ మా ఇంట్లో ఎవరికీ తట్టని సంగతి ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు.

"అమ్మా, గా కాలంల ఖానాపూర్ అంటే ఒక్క ఊరు గాదు. సర్కిట్. ఒక్క పాస్టరు కింద ఇరవై ఊర్లుండేవి. ఎవలు ఏ ఊర్ల సచ్చిపోయినా పుస్తకంల ఖానాపూర్ అనే రాసేటోళ్ళు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మిషన్ ఇళ్ళల్లో పుట్టి పెరిగినవాళ్ళం, సర్కిట్ అన్న మాట ప్రతి ఆదివారం వినేవాళ్ళం. బాపు రాళ్ళన్నీ చదివాడు గాని రిజిస్టరు అడగనే లేదు. గోడు వెళ్ళబోసుకోవడానికి ఒక ఊరు దొరికిందని అక్కడే ఆగిపోయాడు.

పేజీలు తిప్పడానికి ముప్పావు గంట పట్టింది. వరుస తాత గుండ్రటి చేతిరాతలోనే ఉంది: రూతమ్మ, యాకోబు పంతులు భార్య, జ్వరం. చనిపోయిన చోటు: వాగొడ్డుపల్లె బడి. పూడ్చిన చోటు అన్న గడి ఖాళీగా ఉంది. పైన కింద ఉన్న వరుసలన్నిట్లో ఆ గడి నిండి ఉంది, ఈ ఒక్కదాంట్లోనే లేదు. బాపు పేజీకి ముక్కు ఆనించి చూశాడు. "సూసినవా? రాసుడు గూడ దండుగనుకున్నడు" అన్నాడు.  పాస్టరు నాతో మెల్లగా, "ఊర్లె లచ్చవ్వ అని పెద్దమనిషి ఉన్నది. జల్ది పోండ్రి, పన్నెండు దాటితే మక్కచేనుకు పోతది" అన్నాడు.

వాగొడ్డుపల్లె ఖానాపూర్ నుంచి కడెం వైపు పది పన్నెండు కిలోమీటర్లు. రోడ్డు బాగుంది, లోపలికి తిరిగే చివరి కిలోమీటరు మాత్రం కంకర. మలుపు దగ్గర సిమెంటు బల్ల, దాని మీద రేకు కప్పు. కారు అక్కడికి రాగానే బాపు కిటికీ అద్దం దించాడు. "గీ స్టేజీ కాడ బస్సు ఎన్నిసార్లు ఆపిన్నో బిడ్డా" అన్నాడు. 

లచ్చవ్వకు ఎనభై దాటి ఉంటాయి. వాకిట్లో కందులు చెరుగుతోంది. ఎవరి కోసం వచ్చామో చెప్పగానే చాట పక్కన పెట్టి, బాపు మొహం రెండు చేతుల మధ్య పట్టుకుని చూసింది. "పంతులమ్మ కొడుకువా? నాకు అ ఆలు దిద్దిచ్చింది మీ అవ్వనే తమ్మీ" అంది. సాయిలుతో సహా అందరికీ చాయ్ పెట్టించి, గ్లాసులు ఖాళీ అయ్యేదాకా ఇంకో మాట చెప్పలేదు. ఆ ఊళ్ళో మర్యాద అదేనట. 

తర్వాత చెప్పింది. అప్పుడు ఆమెకు తొమ్మిదేళ్ళు. తాత మిషన్ సభలకు కరీంనగర్ వెళ్ళాడు. వానలు పట్టాయి, వాగు పొంగింది. రూతమ్మకు జ్వరం వచ్చి మూడో రోజు ప్రాణం పోయింది.

"రెండొద్దులు సూసిర్రు తమ్మీ. పంతులు రాలే, పాస్టరు రాలే, వాగు ఎవల్నీ రానియ్యలే. ఇగ ఎన్నొద్దులుంచుతరు? మా అవ్వ అన్నది, మొగడున్న ఆడిది, ఉత్త ముఖంతోని ఎట్ల పంపుతమని. పసుపు రాసింది, బొట్టు పెట్టింది, కొత్త చీర గట్టింది. మావోళ్ళు డప్పులు కొట్టుకుంట తీస్కపోయి మా పెద్దోళ్ళ పక్కన్నే పెట్టిర్రు."

ఈ సంగతి తెలియనివారికి కొంచెం చెప్పాలి. భర్త ఉండగా పోయిన స్త్రీని పుణ్యస్త్రీ అని పసుపు కుంకుమలతో సాగనంపడం ఇక్కడి పద్ధతి. అంతకంటే పెద్ద గౌరవం వాళ్ళ దగ్గర లేదు, ఉన్నదంతా ఆమెకు ఇచ్చారు. కానీ ఆ రోజుల్లో మిషన్ కట్టుబాటు ప్రకారం బొట్టు, పసుపు, డప్పు అన్నీ నిషేధమే. పది మందికి బైబిలు చెప్పే పంతులు భార్య అలా వెళ్ళిందని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది.

"మట్టి జేసిన మూడో దినం పంతులొచ్చిండు" అంది లచ్చవ్వ. "మా అవ్వ గజగజ వణికింది, మీ దేవునికి తప్పు జేసినమేమో అని. పంతులు కోపానికి రాలే. మట్టి మీద బోర్ల పడి ఏడ్సిండు. లేచి మా అవ్వకు దండం బెట్టిండు. గీ ముచ్చట పాస్టరుకు ఎర్క గావద్దు, నాకు నౌకరి పోతది, మీ మీద మాట వస్తది అన్నడు. మేం ఎవలకూ చెప్పలే."

 "మల్ల గిటు దిక్కు రాలే గదా ఆయన" అన్నాడు బాపు. అది ప్రశ్నలా లేదు, పాత కోపానికి చివరి ఊతకర్రలా ఉంది.

"రాకపోవుడేంది? ఈస్టరు పండుగకు ముందటి దినం ఏటేట వచ్చేటోడు. సంచిల సున్నం తెచ్చుకునేటోడు, తానే పూసేటోడు. కాళ్ళు పడిపోయేదాంక వచ్చిండు. ఆయన రాకడ బందైనంక పెత్రమాసకు మావోళ్ళకు సున్నమేసినప్పుడు మేమే ఆమెకూ ఏస్తున్నం."

చెరువు అవతల గట్టు మీద ఉంది ఆ చోటు. నాయనమ్మది పేరు లేని చదును రాయి, చుట్టూ చిన్న రాళ్ళ వరస. పక్కన లచ్చవ్వ తల్లి, అటు పక్కన ఆమె మేనత్త. అందరి తలలూ దక్షిణానికే. పోయిన పెత్రమాసకు, అంటే పితృ అమావాస్యకు, వేసిన సున్నం వానకు సగం కరిగింది గాని, రాళ్ళ సందుల్లో పొర మీద పొర గట్టిపడి ఉంది. బాపు కింద కూర్చుని ఆ పొరను వేలితో తడుముతూ ఉండిపోయాడు. అందులో ఏ పొర తాతదో, ఏది వీళ్ళదో చెప్పలేం. సాయిలు ఊళ్ళోకి వెళ్ళి కిరాణా కొట్లో ఐదు కిలోల సున్నం సంచి తెచ్చాడు. లచ్చవ్వ కుంచె ఇచ్చింది. బాపే పూశాడు. ఒంటి కన్నుతో అక్కడక్కడా వదిలేస్తే లచ్చవ్వ "గీడ, తమ్మీ, గీడ" అని చూపించింది. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

రెండున్నరకు ఖానాపూర్‌లో ఒక చిన్న మెస్సులో జొన్నరొట్టె, పిట్ల తిన్నాం. పిట్ల అంటే శనగపిండితో చేసే కూర. ఆదిలాబాద్ వైపు వెళ్తే తప్పక తినండి, ముగ్గురికీ కలిపి నూటనలభై అయింది. బాపు సగం రొట్టె వదిలేస్తే వంటామె ఊరుకోలేదు. "కారమైందా బాపూ? ఇంగింత నెయ్యేస్త, తిను" అని వేసేసింది. తిన్నాడు. ఆమె బెదిరింపుకో ఆకలికో తెలియదు.

 తిరుగు దారిలో మెట్‌పల్లి దాటాక బాపు ముందు సీట్లోంచి, వెనక్కి తిరగకుండానే చెప్పాడు. "మా నాయిన ఒక్కసారి అడిగిండు బిడ్డా. నువ్వు ఖానాపూర్ బండి మీదున్నవట గదా, బస్సెక్కుడు నాకు చేతనైతలేదు, నువ్వుంటే పట్టుకుంటవు, నన్నుగూడ తోల్కపో అన్నడు. నేనేమన్ననో ఎర్కనా? టికెట్ తీస్కుంటే ఎవలన్న ఎక్కొచ్చు అన్న."

సాయిలు రేడియో కట్టేశాడు.

కరీంనగర్ వచ్చేసరికి ఆరు కావస్తోంది. మా వీధి మలుపు దగ్గర బాపు చేయి ఎత్తాడు. "ఇంటికి గాదు. సమాధుల తోట దిక్కు తిప్పు." తాత సమాధి మా ఇంటికి కిలోమీటరు కూడా ఉండదు. పూడ్చిన రోజు తర్వాత బాపు అక్కడ అడుగు పెట్టలేదు. లోపలికి వెళ్ళి ఏది తాతదో నన్ను అడగాల్సి వచ్చింది. సంచిలో సున్నం కొంచెం మిగిలింది, కుంచె ఊళ్ళోనే ఉండిపోయింది. దాన్ని నీళ్ళలో కలిపి, భుజం మీది తువ్వాల తీసి ముంచాడు. సమాధికి తల వైపు సగం వచ్చేసరికి సున్నం అయిపోయింది. "ఒక్క మాట చెప్తే ఏం పోతుండె నాయినా" అన్నాడు. తనే జవాబు చెప్పుకున్నాడు. "ఎట్ల చెప్తడు? నేను కూసోనిస్తినా?"

పాత కాగితాల్లో ఖాళీ కనిపిస్తే అది నిర్లక్ష్యమే అనుకుంటాం. మా తాత ఆ గడి ఖాళీగా వదిలింది తన ఉద్యోగం కోసమే కాదు, ఆమెను తమ మనిషిగా సాగనంపిన ఊరిమీదికి మాట రాకూడదని కూడా. ఆయన చేసిందంతా ఒప్పని నేను అనను. మిషన్ ఉద్యోగం ఏనాడో అయిపోయాక కూడా కొడుక్కి చెప్పకపోవడం తప్పే. కానీ చెప్పడానికి ఆయన ఎన్నిసార్లు నోరు తెరిచాడో, బాపు ఎన్నిసార్లు లేచి బయటికి వెళ్ళిపోయాడో ఏ రిజిస్టరులోనూ ఉండదు. మీలో ఎవరైనా ఇలాంటి వెతుకులాటకు బయల్దేరుతుంటే నాకు తెలిసిన చిట్కా ఒకటే. సున్నం కొంచెం ఎక్కువే కొనండి. ఒక సమాధి కోసం వెళ్ళినవాళ్ళకు రెండింటికి కావలసి రావచ్చు.