పిట్టపిల్లల చీటీ

ఎన్నిసార్లు కడిగినా ఈ సీసాకు ఆవకాయ వాసన పోదు. ఇవాళ ఆరాధనకు బయలుదేరేముందు ప్రార్థన చీటీలు సర్దుదామని మూత తిప్పగానే ఆవపిండి, వెల్లుల్లి కలిసిన ఘాటు ముక్కుకు తగిలింది. దాని వెనకాలే దానియేలు అంకుల్ గుర్తొచ్చారు. మిగతా సంఘాల్లో చీటీలు వేయడానికి నగిషీ చెక్కిన చెక్కపెట్టెలు ఉంటాయట. అమెరికాలో, ఈ బెంటన్‌విల్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘానికి ఉన్నది ఈ పచ్చడి సీసా ఒక్కటే. ఆయనే ఇంటినుంచి తెచ్చిపెట్టారు. ఎవరైనా వాసన గురించి మాట్లాడితే, "ఇవి మన ప్రార్థనలేనని దేవుడికి తెలియాలి కదండీ" అనేవారు.

ఆయన మా సంఘ పెద్ద. భీమవరం దగ్గర ఇరవై ఏళ్ళు పశువుల డాక్టరుగా చేసి, నర్సు ఉద్యోగం వచ్చిన భార్య మెర్సీ ఆంటీ వెంట ఈ దేశం వచ్చారు. ఇక్కడ ఆ చదువు చెల్లలేదు. కోళ్ళ ఫ్యాక్టరీలో తనిఖీ పని దొరికితే అదే చేసుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం, అమెరికన్ల ఆరాధన ముగిశాక వాళ్ళ హాల్లోనే మేం కూడేవాళ్ళం. పాటలయ్యాక అంకుల్ సీసాలోంచి చీటీలు ఒక్కొక్కటే తీసి చదివేవారు. కోరింది నెరవేరితే రాసినవాళ్ళు లేచి, దేవుడు చేసిన మేలు గురించి అందరిముందూ సాక్ష్యం చెప్పి, తమ చీటీ తామే చింపెయ్యాలి. అది ఆయన పెట్టిన పద్ధతి. నిజం చెప్పాలంటే మా చీటీల్లో సగం ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకో కంపెనీలకో పంపవలసినవి. హెచ్‌వన్ వీసా ఎక్స్‌టెన్షన్, కాంట్రాక్ట్ రెన్యువల్, గ్రీన్‌కార్డ్. నేను రాసినవీ అవే. ఆయన అన్నిటినీ ఒకే గొంతుతో చదివేవారు.

మా అమ్మాయి హన్నాకు ఆరేళ్ళప్పుడు, మా వీధి తలుపుకు తగిలించిన ప్లాస్టిక్ పూల వలయంలో ఒక పిట్ట గూడు కట్టి నాలుగు గుడ్లు పెట్టింది. వాటికోసం మేం ఆ తలుపు తీయడం మానేసి గరాజ్‌లోంచి రాకపోకలు సాగించాం. హన్నా ఒక కాగితం మీద నాలుగు గుడ్ల బొమ్మ వేసి, అవి సేఫ్‌గా ఎగిరిపోవాలని కింద ఇంగ్లీషులో రాసి సీసాలో వేసింది. అంకుల్ అది చదువుతుంటే వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆయన ఆ నవ్వు ఆగేదాకా ఊరుకుని, మళ్ళీ మొదటినుంచి చదివారు. అందరం ఆమేన్ అన్నాం. గుడ్లు పిల్లలయ్యాక చీటీ చింపమంటే హన్నా ఒప్పుకోలేదు. ఎగిరాకే చింపుతానంది.

ఆ వారంలోనే ఒక పొద్దున హన్నా కేక విని పరుగెత్తాను. తలుపు పక్క అద్దంలోంచి బయటికి చూస్తోంది. నల్లటి పాము ఒకటి పూల వలయాన్ని చుట్టుకుని ఉంది. దాని మెడ కింద ఉబ్బు మెల్లగా జారుతోంది. గూట్లో ఇంకొక్క పిల్ల మిగిలింది. అలికిడి వినబడి తల్లి మేత తెచ్చిందనుకుందో ఏమో, కళ్ళయినా సరిగా తెరవని ఆ పిల్ల పాము వైపే నోరు తెరిచింది. నేను చీపురు పట్టుకుని నిలబడ్డాను, అంతే. తలుపు తీయడానికి చేతులు రాలేదు.

నేను ఫోన్ చేస్తే అంకుల్ డ్యూటీకి వెళ్ళే రబ్బరు బూట్లతోనే వచ్చారు. అప్పటికి గూడు ఖాళీ. పామును కర్రతో లేపి వెనక చెట్లలో వదిలేసి వచ్చి, మెట్ల మీద హన్నా పక్కన కూర్చున్నారు.

"గాడ్ చూశాడా అంకుల్?"

"చూశాడమ్మా."

"మరి ఎందుకు స్టాప్ చేయలేదు?"

నేను అడ్డుపడ్డాను. "బేబీ బర్డ్స్‌ని జీసస్ తన దగ్గరికి తీసుకెళ్ళాడు నాన్నా. అక్కడ హ్యాపీగా ఉన్నాయి."

హన్నా నా వైపు తిరగనైనా లేదు. ఆయన మొహంలోకే చూస్తోంది.

"నాకు తెలీదమ్మా," అన్నారాయన. "నేనూ ఆయన్ని అదే అడుగుతున్నాను."

నాకు ఒళ్ళు మండింది. కారు దాకా వెంటపడి వెళ్ళి నిలదీశాను. "పసిదానితో మాట్లాడే పద్ధతేనా అంకుల్ ఇది? సంఘ పెద్ద అయ్యుండి?"

ఆయన తీయబోయిన కారు తలుపు మళ్ళీ మూశారు. "మా వైపు ఒకసారి గేదె ఈనలేక పడిపోయిందని కబురొస్తే వెళ్ళానమ్మాయ్. వెళ్ళేసరికి దూడ సగమే బయటికొచ్చింది. కాకులు దాని కళ్ళు పొడిచేశాయి. ప్రాణం ఉంది దానికి. మనిషికి కష్టమొస్తే పరీక్ష అంటాం, బుద్ధి చెప్పాడంటాం. పూర్తిగా పుట్టనైనా పుట్టని దూడకి ఏం పరీక్ష?"

"మరి మీరెలా నమ్ముతున్నారు?"

"ఆ దూడ సంగతి అడగడానికి నాకింకెవరున్నారు?" అని, షిఫ్ట్‌కు టైమైందంటూ వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం ఆయన మళ్ళీ ఆ చీటీ తీశారు. "హన్నా పిట్టపిల్లలు. ఇంకా జవాబు రాలేదు," అని చదివారు. చచ్చిపోయినవాటికి ప్రార్థనేమిటి, తీసేయండని ఒకాయన విసుక్కున్నాడు. "రాసినవాళ్ళే చింపాలి కదండీ. పాపనడగండి," అన్నారు అంకుల్. హన్నా అడ్డంగా తలూపింది. ఆ తర్వాత పదేళ్ళు, వీసాల మధ్య, ఉద్యోగాల మధ్య, ఆ చీటీ చదువుతూనే ఉన్నారు. మొదట్లో సిగ్గుతో నా తల వంగిపోయేది. పన్నెండో ఏట హన్నా ఇక చర్చికి రానని తేల్చి చెప్పింది. నేను బతిమాలాను, కేకలేశాను, ఏడ్చాను. తప్పంతా ఆయనదేనని చాలాకాలం లోలోపల తిట్టుకున్నాను.

ఆయనకు కడుపులో కేన్సరని తేలాక చూడటానికి వెళ్తే హన్నా కూడా వచ్చింది. అప్పటికి దానికి పదహారేళ్ళు. అంకుల్ మంచం పక్కనున్న సీసా నా చేతిలో పెట్టి, "నా చీటీ కూడా వేశాను, చూడు," అన్నారు. తను బతకాలని కాదు, మెర్సీ ఒంటరిదైపోకూడదని రాసుకున్నారు. "నేను పోయాక, దేవుడి దగ్గర హాయిగా ఉన్నాడని ఎవరైనా సాక్ష్యం చెప్పబోతే కూర్చోబెట్టెయ్యి అమ్మాయ్. ఉంటే ఉంటానేమో. నేనడిగింది అది కాదుగా." నవ్వబోతే నొప్పి అడ్డొచ్చింది.

తిరిగి వస్తుంటే కార్లో హన్నా అడిగింది. "బర్డ్స్ హ్యాపీగా ఉన్నాయన్నావు కదమ్మా, నువ్వు నిజంగా నమ్మావా?"

"లేదు," అన్నాను. పదేళ్ళు పట్టింది ఆ ఒక్క మాటకు.

"ఐ న్యూ ఇట్," అని కిటికీ వైపు తిరిగింది.

నెల తిరక్కుండానే ఆయన పోయారు. మెర్సీ ఆంటీ ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఆరాధన అయ్యాక నేను వెళ్ళి కాసేపు కూర్చుంటాను. ఆవిడ రెండు కప్పుల్లో టీ పోసి, తన కప్పు ముట్టుకోదు. దేవుడి మీద నా కోపం తగ్గలేదు. ఆ కోపంతోనే మోకాళ్ళ మీద ఉండొచ్చని మాత్రం ఆయన దగ్గర నేర్చుకున్నాను.

ఇప్పుడు చీటీలు చదివేది నేనే. పిట్టపిల్లల చీటీ దగ్గరికొచ్చేసరికి కొత్తగా వచ్చినవాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు. హన్నా వేరే ఊళ్ళో కాలేజీలో ఉంది. ప్రార్థన చేయదు, చర్చి గడప తొక్కదు. కానీ ప్రతి ఆదివారం, మా కూడిక ముగిసే వేళకు, దాని దగ్గర్నుంచి ఒకే ఒక్క మెసేజ్ వస్తుంది.

"చదివావా అమ్మా?"

"చదివాను. ఇంకా జవాబు రాలేదు," అని రాస్తాను.

"ఓకే. నెక్స్ట్ వీక్ కూడా చదువు."