అయ్యోరి పెన్‌డ్రైవ్

వేంకటాచలపతి అయ్యోరి జంధ్యానికి బీరువా తాళంచెవితోపాటు ఒక పెన్‌డ్రైవ్ వేలాడుతుంటుంది. అందులో కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ సాఫ్ట్‌వేర్, ఆయన సొంతంగా కూర్చుకున్నది, ఉంది. హార్డ్‌డిస్కు చచ్చిన కంప్యూటర్ కూడా దానితో లేచి నడుస్తుంది. జంధ్యం తీయకుండానే వంగి గుచ్చుతారు గనుక, చూసేవాళ్లకు యంత్రానికి మొక్కుతున్నట్టే ఉంటుంది. ఆ సోమవారం పొద్దున బడిలోని పాత కంప్యూటర్లను పాతసామాన్ల నవాజ్‌కు అమ్మేయబోతుంటే, వాటిని నడిపించి చూపిస్తానని అడ్డం పడ్డారు. గుచ్చగానే తెరమీద ఆయన గుర్తుగా పెట్టుకున్న తిరునామం వెలిగి, వెంటనే ఆరిపోయింది. పెన్‌డ్రైవ్‌ను పంచెతో తుడిచారు, ఊదారు, ఇంకో కంప్యూటర్‌కు మొక్కారు. మళ్లీ అంతే.

"దాన్నీ తూకానికేసేద్దామా అయ్యోరా?" అన్నాడు నవాజ్.

అయ్యోరు తన లాప్‌టాప్ తెరిచి, తాను రాసిన ఆదేశాలన్నీ వెతికి, హాయిగా నవ్వారు. "చెడిపోలేదప్పా! రాహుకాలంలో లేవద్దని నేనే రాసిపెట్టినాను. తొమ్మిది దాకా లేవదు."

"ఆ ముక్క తీసేయండి సార్," అన్నారు హెడ్‌మిస్ట్రెస్ కుముదవల్లి.

"రాహుకాలంలో కొత్త పని మొదలుపెట్టమంటావామ్మా?"

ఆవిడ గోడ గడియారం చూసి, అమ్మకం కాగితం మీద సంతకం చేయబోతున్న పెన్నుకు గబుక్కున మూత పెట్టేశారు.

నవాజ్ తక్కెడ పక్కన పెట్టి కూర్చున్నాడు. "మీ ఇద్దరికన్నా జంధ్యానికున్న ఆ పుల్లే నయం. టైమైతే లేస్తాది."