ఎదుటోని కుర్చీ

మొన్న మంగళవారం కాలేజీ సారు పోయిండ్రు. పంక్చరైన ట్యూబు పట్టుకొచ్చిన పిలగాడు ఆ కబురు చెప్పిండు. అంత్యక్రియలనాడు ఏడ్చిన. సంతాప సభకు పోయొచ్చినంక మాత్రం కోపమే మిగిలింది, ఇంకా దిగలేదు. ఎందుకో చెప్తా, ఆగుండ్రి.

నిజామాబాదుల కాలేజీ గేటుకెదురుగ నా సైకిల్ దుకాణం. రాష్ట్రాలు కలిసిన ఏడాది పెట్టిన. బడి ముఖం ఎరగను, పొట్లాల కాయితాలు చదివి అక్షరాలు పట్టినోణ్ణి. సారు ప్రతి శనివారం పిల్లలకు వ్యాసం రాసుడు నేర్పేవారు. వెనక బెంచీల నేనూ కూసునేది. ముందర ఒక ఖాళీ కుర్చీ.

"గా కుర్చీ ఎదుటోనిది. ముందు వాని మాట వానికంటె మంచిగ చెప్పు. 'ఔను, నేననేది గిదే' అని వాడు తలూపినంక 'అయితే' అను. ఆడికెల్లి నీది మొదలు" అనేవారు.

ఆ ఒక్క మాటతోనే నా దుకాణంల సగం కొట్లాటలు ఆగినయి.

చెరుకు సంగతి కూడా చెప్పాలె. బోధన్ దిక్కు పోయే బండ్లకెల్లి పిల్లలు గడలు గుంజేది. సారు తిట్టలేదు. గుంజినోళ్లతోనే బండాయన తరఫున వ్యాసం రాయించిండ్రు. ఒకడు బరువైన మాటలన్నీ పేర్చుకొస్తే, "పిప్పి ఊసెయ్యి బిడ్డా, రసముంటె చూపియ్యి" అన్నరు. వాడు మళ్లీ బండి మీద చెయ్యెయ్యలేదు.

ఇగ సభ. లేచినోడల్లా "తీరని లోటు" అన్నడు. ఏం లోటో ఒక్కడూ చెప్పలే. సారుంటే ఎర్రసిరాతో కొట్టేసేవారు. ఆఖరుకు కాలేజీ సెక్రటరీ లేచి, శనివారం క్లాసు బంద్ అన్నడు. దానితోని మార్కులు రావట.

నేను లేచిన. సారు నేర్పిన తీరుగనే మొదలుపెట్టిన. "పరీక్షలు నెత్తిమీదున్నయి. పిల్లలు మాక్లూర్ నుంచి, కోటగిరి నుంచి బస్సులు పట్టుకొని రావాలె. పసుపు తవ్వే రోజులల్ల ఇంటికాడ చేతులు చాలవు..."

సెక్రటరీ ముఖం వెలిగింది. "శభాష్ మిస్త్రీ! నా మనసుల మాట చెప్పినవ్. అందరు ఒప్పుకున్నట్టే!"

చప్పట్లు.

"అయ్యా, నాది ఇంకా మొదలే కాలే. అయితే..."

"చాయ్ చల్లారుతది, పా మిస్త్రీ. ఆడ మాట్లాడుకుందాం."

చదువుకున్నోళ్లు! సగం వ్యాసానికి చప్పట్లు కొట్టి లేచిపోయిండ్రు. కప్పుల చప్పుడుల క్లాసు కొట్టుకపోయింది. నాకు సారు మీద కూడా కోపమే. ఎదుటోని మాట వినుమని చెప్పిండ్రు గని, మన వంతు రాంగనే వాడు లేచిపోతే ఏం చెయ్యాలెనో చెప్పకుండనే పోయిండ్రు.

హాలు ఖాళీ అయింది. సభకు ముందు సారు ఫొటోకు దండేసి, వేరే జాగ దొరకక, ఆ ఎదుటోని కుర్చీలనే పెట్టిండ్రు. పోయి దానికెదురుగ నిలబడ్డ. "అయితే సారూ..." అని అందుకున్న.

చప్రాసి వచ్చి కుర్చీ మీద చెయ్యేసిండు. "లోపల పెట్టాలె కాకా."

"ఉండనియ్యి" అన్న. "ఆయన వింటున్నరు."