ఇరవైకి పదమూడు

ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఇంతే: "పదో తరగతికి ఫోన్లో లెక్కల ఇంటర్నల్ పరీక్ష. ఇరవై ఆరుగురు జవాబులు పంపారు. తొండుపల్లి అమ్మాయి మూడో పేజీ ఫొటో మసక, అంకెలు కనబడలేదు. 13." కింది వరుసలో స్కూటర్ సర్వీసింగ్ సంగతి ఉంది.

అప్పుడు శంషాబాద్ దగ్గర సర్కారు హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. రిటైర్మెంటుకి ఇంకా కొన్నాళ్లుంది. కరోనాకి బడి మూతపడి పాఠాలు టీవీలోకి, పరీక్షలు వాట్సాప్‌లోకి వెళ్లాయి. పొద్దున తొమ్మిదింటికి గ్రూపులో ప్రశ్నలు పెట్టేవాణ్ణి. పిల్లలు కాగితం మీద చేసి, పేజీలు ఫొటో తీసి పన్నెండు లోపు పంపాలి. ఆ గడువు పెట్టింది నేనే. దాటాక వచ్చింది చూడకూడదని అనుకున్నదీ నేనే. ఇంట్లో కూర్చుని రాసే పరీక్షకి ఆ మాత్రం కట్టుబాటైనా ఉండాలనిపించింది.

క్లాసు మొత్తంలో లెక్కలు బాగా చేసేది ఆ అమ్మాయే. వాళ్ల నాన్న ఎయిర్‌పోర్టులో సామాను ఎక్కించే పని చేసేవాడు. ఇంట్లో ఉన్నది ఆయన ఫోనొక్కటే. మర్నాడు పొద్దున్నే ఆ ఫోన్నుంచి నాకు కాల్ చేసింది.

"సార్, మూడో పేజీ మల్ల తీసి పంపుత. నిన్న బాపు డ్యూటీకి ఉరుకుతుండె, ఫోన్ ఇయ్యమని మీదనే నిలబడ్డడు. చెయ్యి అదిరింది సార్."

గడువు అందరికీ ఒకటేనని చెప్పాను. ఇది చిన్న పరీక్ష, అసలు పరీక్ష ముందుంది కదమ్మా, అందులో చూపించు అన్నాను. సరే సార్ అని పెట్టేసింది. మార్కులు ఆ వారమే విద్యాశాఖ వెబ్‌సైట్లో ఎక్కించేశాను. బడిలో అందరికంటే ముందు ఎక్కించింది నేనే.

అసలు పరీక్ష జరగలేదు. కేసులు పెరిగి రద్దు చేశారు. అందరూ పాసన్నారు. గ్రేడు మాత్రం ఆ ఇంటర్నల్ మార్కుల్ని అయిదుతో హెచ్చించి వేస్తామన్నారు. నేను తగ్గించిన ఏడు మార్కులు ముప్పై అయిదయ్యాయి. ఆ అమ్మాయికి అయిదు సబ్జెక్టుల్లో గ్రేడు పాయింట్లు పదికి పది, వందకి అరవై అయిదు పడ్డ లెక్కల్లో ఏడు వచ్చాయి. సగటు తొమ్మిదిన్నర.

గ్రేడులొచ్చిన రెండో రోజు తండ్రీ కూతురూ బడికి వచ్చారు. హాస్టలుండే సర్కారు జూనియర్ కాలేజీకి దరఖాస్తు పెట్టారట. ఆ ఏడాది ప్రవేశ పరీక్ష లేదు, గ్రేడు చూసి సీటిస్తారు. విమానాలు తగ్గి ఆయనకి వారంలో మూడు రోజులే డ్యూటీ పడుతోంది. హాస్టల్ సీటొస్తే చదివిస్తాననీ, రాకపోతే పనిలో పెడతాననీ, ఇందులో దాచేదేం లేదనీ కూతురి ముందే చెప్పాడు. చర్చిలో కూడా ప్రార్థన పెట్టించారట.

నేను హెడ్మాస్టరు గదిలోకి వెళ్లి మార్కు సరిచేయాలని అడిగాను. ఆయన రిజిస్టరు నా ముందుకు తోశారు. మిగతా అయిదు సబ్జెక్టుల్లో మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా ఇరవై, ఇరవై, ఇరవై. పరీక్ష రాయనివాళ్లకి కూడా.

"ఫోన్లో పరీక్షేంటి మాస్టారూ, అందరం గుడ్డిగా వేశాం. ఈ మండలంలో కాగితాలు దిద్దింది మీరొక్కరే అయ్యుంటారు. సన్మానం చేయించమంటారా?"

నవ్వలేకపోయాను. దరఖాస్తు రాసి మండల విద్యాశాఖ ఆఫీసుకి తీసుకెళ్లాను. సైటు మూసేశారని అక్కడి గుమాస్తా చెప్పాడు. మార్కులు పెంచమని అందరూ వస్తారు గానీ, మా బళ్లో పిల్లలకి ఎక్కువ పడ్డాయని ఇంతవరకు ఒక్కరూ రాలేదు సార్, అన్నాడు.

తిరిగి వచ్చేసరికి వాళ్లింకా వరండాలోనే ఉన్నారు. అమ్మాయి సంచిలోంచి ఆనాటి మూడో పేజీ కాగితం తీసి నా చేతికిచ్చింది. నిలబడే చూశాను. రెండు లెక్కలూ సరిగ్గా ఉన్నాయి. రెండోదాన్ని నేను చెప్పిన పద్ధతి కంటే పొట్టి పద్ధతిలో చేసింది. ఆ మాటే చెప్పాను. "ఇగ దిద్దితే ఏమొస్తది సార్" అంది. తండ్రి ఆమెను కసిరాడు. నావైపు తిరిగి, "మీదేం తప్పు లేదు సార్. కండ్లకు కనబడ్డదే ఏసిండ్రు" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

సీట్ల జాబితా వచ్చింది. పదికి పది వచ్చినవాళ్లతోనే సీట్లన్నీ నిండాయి. వాళ్లలోనే ఇంకా చాలామందికి దొరకలేదు. తొమ్మిదిన్నర దాకా రానే లేదు. విమానాల్లోకి భోజనాలు ప్యాక్ చేసే చోట ఆ అమ్మాయి పనికి చేరిందని తర్వాత వాళ్ల కాలనీ పిల్ల చెప్పింది.

మరుసటి జనవరిలో బడులు మళ్లీ కొద్ది రోజులు మూశారు. మళ్లీ ఫోన్లో పరీక్ష పెట్టాను. ప్రశ్నలు పంపాను, గడువు పెట్టలేదు. వచ్చిన ఫొటోలు ఒక్కటి కూడా తెరవలేదు. వెబ్‌సైట్లో మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా ఇరవై వేశాను. పావుగంట కూడా పట్టలేదు. సాయంత్రం ఒక పిల్లవాడు ఫోన్ చేసి, నాలుగో లెక్క ఎక్కడ తప్పిందో చెప్పమని అడిగాడు. నీకు ఇరవై వచ్చాయి, తప్పేం లేదన్నాను. సంతోషపడి పెట్టేశాడు.