అరచెయ్యంత చెక్క

పొద్దున్నే షూ వేసుకుని నడకకు బయలుదేరే మర్యాదస్తులను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా మద్దిచెట్టును చంపింది అటువంటివాళ్ళే. గొడ్డలి పట్టలేదు. చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని మరీ చంపారు.

శామీర్‌పేట చెరువులోకి పోయే కాలువ పక్కన మా పొలం. గట్టు మీద ఒక తెల్లమద్ది. దాని వేళ్ళే ఆ గట్టును పట్టుకుని ఉండేవి. పెద్ద వానలకు పక్కవాళ్ళ గట్టు తెగేది, మాది తెగేది కాదు. మా అవ్వ ఆ చెట్టు బెరడు చెక్కను ఎండబెట్టి, దంచి, పాలల్లో కాచుకుని తాగేది. గుండె దడకు మంచిదని ఆమె నమ్మకం. అట్లాగని మేడ్చల్ దవాఖానాలో ఇచ్చిన గోళీలు మానలేదు. "గోళీలు గోళీలే, చెక్క చెక్కే" అనేది. నేనొకసారి ఆ పాలు రుచి చూశాను. వగరుకు నాలుక ముడుచుకుపోయి, మధ్యాహ్నం అన్నం కూడా రుచించలేదు.

చెక్క తీయడానికి అవ్వకొక పద్ధతి ఉండేది. అరచెయ్యిని బెరడుకు ఆనించి, చుట్టూ కత్తిమొనతో గీత గీసి, అంతవరకే లేపేది. కింద ఎర్రటి కండ బయటపడేది. దాని మీద పేడా మట్టీ కలిపి మెత్తేది. ఆ గాయం మానేదాకా ఎవరి చేతినీ, చివరికి తన చేతిని కూడా, చెట్టు మీద పడనిచ్చేది కాదు. ఊళ్ళో ఎవరడిగినా ఎండిన చెక్కలోంచే తలా కొంచెం పెట్టేది.

నేను ఇంటర్ చదివే రోజుల్లో మా పొలాల పక్కనే కొత్త కాలనీ లేచింది. అక్కడి నుంచి రిటైరైన ఒకాయన పొద్దున నడుస్తూ మా గట్టు మీదికి వచ్చేవాడు. గుండెజబ్బు మనిషి. అవ్వ జాలిపడి కొంచెం చెక్క ఇచ్చింది, తీసే పద్ధతీ చెప్పింది.

"అరచెయ్యంతనే దియ్యాలె సారూ. మీదికెల్లి పేడ మెత్తాలె."

ఆయన శ్రద్ధగా విన్నాడు. తనతో నడిచేవాళ్ళందరికీ అంతే శ్రద్ధగా చెప్పాడు.

ఆ చలికాలం కాలేజీ బస్సుకు గట్టు మీదుగా పోతూ చూసేదాన్ని. ముందు ఒక కొత్త మచ్చ. దాని పక్కన ఇంకొకటి. ఏదీ అరచెయ్యి దాటలేదు. ప్రతిదానికీ శుభ్రంగా పేడ మెత్తి ఉంది, కొన్నిటికి పసుపూ కుంకుమా కూడా. ఎండలు ముదిరేసరికి ఆ మచ్చలన్నీ ఒకదానికొకటి ఆనుకుని మాను చుట్టూ వడ్డాణంలా కలవబోతున్నాయి. అవ్వను వెంటబెట్టుకుని వచ్చాను. కాలనీ నుంచి వచ్చిన ఒకావిడ, మిగిలిన చివరి బెరడు మీద చెయ్యి ఆనించి గీత గీస్తోంది. రిటైరైనాయన పక్కన కవరు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం జేస్తున్నవు బిడ్డా?"

"మావారికండీ మామ్మగారూ. మీరు చెప్పారటగా, అలాగే కొలుచుకుని తీస్తున్నాను."

"నేను జెప్పింది చెట్టుకు అరచెయ్యి. మనిషికొక అరచెయ్యి గాదు."

ఆయన నవ్వాడు. "చెట్టు చూడండి, ఎంత పచ్చగా ఉందో. మేమేమన్నా నరికామా?"

"నరికినోడైతే దొంగ అంటం సారూ. మిమ్ముల ఏమనాలె?"

ఆవిడ నొచ్చుకున్న మొహంతో, చెక్కను మాత్రం కొంగులో భద్రంగా కట్టుకుని వెళ్ళింది. ఆకు చేసిన తిండి బెరడులోంచే వేళ్ళకు దిగుతుందని, చుట్టూ తీసేస్తే వేళ్ళు ఆకలితో చస్తాయని నా బోటనీ పుస్తకంలో ఉంది. ఆ ముక్కను, పెన్ను పాళీ వంగేదాకా తిట్లతో కలిపి, ఇంటికొచ్చి డైరీలో రాశాను.

చెట్టు కొన్నాళ్ళు పచ్చగానే ఉంది, ఆయన మాట నిలబెట్టడానికన్నట్టు. మరుసటి ఏడు చిగురు చిన్నగా వచ్చి మాడిపోయింది. ఆ పై వానాకాలం మా గట్టు తెగి, నాటిన మడంతా ఇసుక మేట వేసింది. అవ్వ ఆ ఇసుకలో కూర్చుని పూడిన నారును వేళ్ళతో తవ్వి తీసింది. అది చూసినప్పటి నుంచే నాకు ఈ కోపం.

తర్వాత ఆ రిటైరైనాయన మా వాకిలి తడక దగ్గరికి వచ్చాడు, చేతిలో అదే కవరు.

"చెట్టు పోయినందుకు మాకూ బాధగానే ఉందమ్మా. ఏదో చీడ పట్టి ఉంటుంది. ఈ చుట్టుపక్కల ఇంకో మద్ది ఉందా?"

ఉంది. కాలువ దిగువన, మా చెట్టు గింజే కొట్టుకుపోయి మొలిచింది. దాని మాను ఇంకా నా నడుమంత కూడా లేదు.

"ఉందండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "చూపించను."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఒక్క అరచెయ్యేగా అమ్మా," అంటూ చెయ్యి చాపి చూపించాడు. తెల్లగా, శుభ్రంగా ఉంది ఆ చెయ్యి.

లోపల రోట్లో ఏదో దంచుతున్న అవ్వ దంపు ఆపింది.

"తడక బెట్టి రా బిడ్డా. కోళ్ళు బయటికి వోతయి."

ఆయన ఇంకా బయట నిలబడే ఉండగా తడక పెట్టాను.